పొగ విడిచిన పిమ్మట నాలుగు వారములు

గురజాడవారి “కన్యాశుల్కము” 1897లో అచ్చయినది. అందు గిరీశమువద్ద వెంకటేశము అలవరచుకొన్న విద్యలలో చుట్ట కాల్చుట ముఖ్యమైనది. ఆ గురుశిష్యులను చూచి తరతరములుగా ఆంధ్రులు నవ్వుకొనుచునే యున్నారు. చుట్ట నేర్పుటకు గిరీశము వంటి గురువు ప్రతి వీధిలోను దొరకును. మాన్పించు గురువు మాత్రము దొరకుట అరుదు. “రేపటినుండి ముట్టను” అను ప్రతిజ్ఞ వినబడని ఇండ్లు కొలదిగానే యుండును. ఆ ప్రతిజ్ఞ మూడవనాడు చెడినపుడు, “వానికి మనోబలము లేదు” అని ఇంటివారు తీర్పు చెప్పుదురు. ఆ తీర్పు ఎంతవరకు న్యాయమో విచారించుటయే మా యుద్దేశము.

పొగాకులో నికొటిన్ అను పదార్థము కలదు. పొగ పీల్చిన పది, ఇరువది సెకండ్లలో అది మెదడును చేరును. చేరినంతనే హాయి గొలుపు డోపమిన్ అను రసాయనమును విడుదల చేయించును. దినమునకు ఇరువది సిగరెట్లు కాల్చువాడు, ఒక్కొక్కదానికి పది దమ్ముల చొప్పున, ఇన్నూరు సారులు మెదడునకు ఈ పాఠము చెప్పుచున్నాడన్నమాట. ఏ ఇతర పాఠమును మనము ఇంత శ్రద్ధగా వల్లెవేయము. క్రమముగా మెదడు ఆ పదార్థమునకు తగినట్లు తన్ను తాను మార్చుకొనును. అయితే రక్తములోని నికొటిన్ సుమారు రెండు గంటలలో సగమునకు తగ్గును. అది తగ్గినకొలది చిరాకు, అశాంతి, ఏకాగ్రత లేమి బయలుదేరును. మరల ఒకటి ముట్టించినంతనే అవి అణగును.

ఇక్కడనే పెద్ద భ్రాంతి కలదు. “పొగ త్రాగినగాని నా మనస్సు కుదుటపడదు” అని పలువురు చెప్పుదురు. వారు అబద్ధమాడుటలేదు. కాని బిగుతైన చెప్పులు తొడుగుకొని దినమంతయు నడచినవాడు, వానిని విప్పినపుడు పొందు సుఖము వంటిది ఆ సుఖము. బాధ పెట్టినదియు చెప్పే, సుఖమిచ్చినట్లు తోచినదియు చెప్పే. 2014లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో ఇరువదియారు పరిశోధనలను కూర్చి పరిశీలించిన వ్యాసము వెలువడినది. పొగ మానినవారిలో ఆందోళన, దిగులు, మానసికమైన ఒత్తిడి, మాననివారికంటె తగ్గినట్లు అందు తేలినది. మునుపే మనోవ్యాధి యున్నవారి విషయములోను ఇదియే కనబడినది.

అయితే ఈ మేలు మానిననాడే రాదు. తొలుత కష్టము వచ్చును. మానిన కొన్ని గంటలలోనే ఆరంభమయి, రెండు మూడు దినములలో అది శిఖరమునకు చేరును. పిమ్మట రెండు నుండి నాలుగు వారములలో చాలవరకు శమించును. కోపము, నిద్రలేమి, అధికమైన ఆకలి, ఊరక దిగులు పడుట దీని లక్షణములు. ఎన్నో ఇండ్లలో నిజమైన పరాజయము జరుగునది ఈ మూడవనాడే. తండ్రి పిల్లలపై కసురుకొనును; అన్నము ముందు అలుగును. విసిగిన ఇల్లాలు, “ఇంతకంటె మీరు కాల్చినప్పుడే నయము. వెళ్లి ఒకటి కాల్చుకొని రండి” అనును. ఆమె మాటలో ప్రేమయే యున్నది. కాని పోరాటము అంతటితో ముగియును. అది ఆయన స్వభావము కాదనియు, జ్వరము వలె వచ్చి పోవు అవస్థ యనియు ముందే తెలిసియున్నచో ఆమె ఆ మాట అనియుండదు. కనుక మానదలచినవారు ఒక తేదీని నిశ్చయించుకొని, దానిని ఇంటిల్లపాదికి చెప్పవలెను.

కోరిక ఎంత తీవ్రమైనను సాధారణముగా కొలది నిమిషములలో తగ్గును. ఆ నిమిషములను దాటించుటయే పని. మంచినీరు త్రాగుట, నాలుగడుగులు నడచుట, ఎవరితోనైన మాటలాడుట ఇందులకు ఉపకరించును. అగ్గిపెట్టెయు, చుట్టలును కంటికి కనబడకుండ తీసివేయవలెను. కాఫీ ప్రియులకు మరియొక మాట. పొగ త్రాగువారి శరీరములో కాఫీ సారము వేగముగా హరించిపోవును. పొగ మానినపుడు అది ఎక్కువసేపు నిలుచును. పూర్వమువలె నాలుగు కప్పులు త్రాగినచో వణకు, నిద్రలేమి కలుగును. వానిని పొగ మానుటవలన వచ్చిన బాధ యని భ్రమపడుదురు. కనుక కాఫీని సగమునకు తగ్గించుట మేలు.

ఔషధములును కలవు. నికొటిన్ కలిపిన నమలుడు బిళ్లల ఆలోచన 1960ల చివర స్వీడన్‌లో పుట్టినది. పొగలోని తారు లేకుండ, నికొటిన్‌ను మాత్రము కొద్దికొద్దిగా అందించి, పిమ్మట తగ్గించుట దాని మర్మము. దీనిని మిఠాయివలె నమలరాదు. ఘాటు తెలియువరకు మెల్లగా నమిలి, బుగ్గకును చిగురుకును నడుమ నుంచి, ఘాటు తగ్గినపుడు మరల నమలవలెను. నిద్ర లేచిన అరగంటలోపల ముట్టించువారికి సాధారణముగా నాలుగు మిల్లీగ్రాముల బిళ్ల, తక్కినవారికి రెండు మిల్లీగ్రాములది తగియుండును. చర్మముపై అంటించు పట్టీలు, వైద్యుని సలహాతో వాడు బుప్రోపియాన్, వరెనిక్లిన్ మాత్రలు వేరుగా నున్నవి. మూర్ఛరోగము గలవారు బుప్రోపియాన్ వాడరాదు.

మన కోస్తా ప్రాంతపు విషయ మొకటి చెప్పక తప్పదు. శ్రీకాకుళము, విశాఖపట్టణము ప్రాంతములలో చుట్ట నిప్పును నోటి లోపల నుంచుకొని కాల్చు అడ్డపొగ అలవాటు, ముఖ్యముగా స్త్రీలలో, చిరకాలముగా నున్నది. అంగిలికి వచ్చు రాచపుండునకు ఇది కారణమని డాక్టరు డి. జి. రెడ్డి, డాక్టరు వి. కె. రావు 1957లోనే ప్రకటించిరి. 1971లో వెలువడిన మరియొక పరిశోధనలో 10,169 మంది ఆంధ్ర గ్రామవాసుల అంగిళ్లను పరీక్షించిరి. అటుపిమ్మట శ్రీకాకుళము, ఎర్నాకుళము, భావనగరము జిల్లాలలో ముప్పదియారు వేలమంది పొగాకు వాడువారికి ఇంటింట హితవు చెప్పి, ఫలితములను 1986లో ప్రకటించిరి. పోల్చుటకు తీసికొన్నవారికంటె వీరిలో మానినవారు ఎక్కువైరి. నోటిలో రాచపుండునకు దారి తీయగల తెల్లమచ్చలు తగ్గినవి. ఓపికతో చెప్పిన మాటయు ఒక ఔషధమే యని దీనివలన తెలియుచున్నది. అరువది యేండ్ల అవ్వకు “ఇక మానదులే” అని చెప్పక విడిచిపెట్టరాదు. ఆమె నోటిలో మానని పుండుగాని తెల్లని మచ్చగాని యున్నచో వెంటనే వైద్యునకు చూపవలెను.

ఇక దిగులును గూర్చి. పొగ మానిన తొలి వారములలో కలుగు దిగులు సాధారణముగా తనంతట తగ్గును. కాని రెండు వారములు దాటియు దినమంతయు మనస్సు కుంగియుండుట, ఇష్టమైన పనులపై రుచి లేకపోవుట, ప్రాణము విసుగగుట కనబడినచో, అది వ్యాధి యని గ్రహింపవలెను. అది సోమరితనము కాదు, గ్రహచారమును కాదు. మాటలతో చేయు చికిత్సయు, మందులును దీనికి గలవు. మందుల గుణము కనబడుటకు కొన్ని వారములు పట్టును, పదిదినములకే విడిచిపెట్టరాదు. క్లోజపైన్, ఓలంజపైన్ వాడుచున్నవారు పొగ మానదలచినచో ముందుగా వైద్యునకు చెప్పవలెను. పొగ మానగానే ఆ మందులు రక్తములో పెరుగును గనుక మోతాదు మార్చవలసి రావచ్చును. మనోవ్యథ విషయములో, 2022లో ఆరంభమైన టెలి-మానస్‌కు 14416 సంఖ్యకు టెలిఫోను చేసి తెలుగులోనే మాటలాడవచ్చును. పొగాకు మానుటకు 1800-11-2356 కలదు. చనిపోవలెనను తలంపు వచ్చినవారిని ఒంటరిగా విడువక, వెంటనే ఆసుపత్రికి తోడ్కొనిపోవలెను.

మానినవాడు మరల మొదలుపెట్టినచో ఏమి? పెక్కుమంది పలుమారులు ప్రయత్నించిన పిమ్మటనే గెలిచిరి. ఏ ఘడియలో, ఎవరి సన్నిధిని జారితిమో గుర్తించి, మరియొక తేదీని నిశ్చయించుకొనుటయే కర్తవ్యము. బ్రిటిష్ వైద్యులను 1951 నుండి యేబది యేండ్లు పరిశీలించిన ఫలితములు 2004లో వెలువడినవి. ముప్పదవ యేట మానినవారికి సుమారు పది సంవత్సరముల ఆయువు, నలువదవ యేట తొమ్మిది, యేబదవ యేట ఆరు, అరువదవ యేట మూడు సంవత్సరములు దక్కునని అందు తేలినది. అరువదవ యేట మానిన తాతగారికి దక్కు ఆ మూడేండ్లలో మనుమరాలికి అక్షరములు నేర్పవచ్చును. ఆ మూడేండ్లకొరకు ఇంటివారు నాలుగు వారముల కోపమును సహింపజాలరా?