29 నిమిషాల 59 సెకన్లకే కెమెరా ఎందుకు ఆగిపోతుంది?

2014 సంక్రాంతికి అవనిగడ్డ దగ్గర మా ఊరెళ్లాం. నేనప్పుడు ఇంటర్ చదువుతున్నా. మస్కట్ నుంచి వచ్చిన బాబాయ్ దగ్గర జేబులో పట్టే చిన్న డిజిటల్ కెమెరా ఉంది. దాన్ని స్టూలు మీద పెట్టి, రికార్డు బటన్ నొక్కి, తాతయ్య ఎదురుగా కూర్చున్నా. "ఉప్పెన రోజు ఏం జరిగిందో మొత్తం చెప్పు తాతయ్యా" అన్నా.

1977 నవంబర్ 19. దివిసీమలో వేలమందిని మింగేసిన ఉప్పెన అది. తాతయ్య గంటకు పైగా చెప్పాడు. కెమెరా నా వెనకాల ఉంది. ఎర్ర లైటు వెలుగుతోందా లేదా అని నేను ఒక్కసారి కూడా తిరిగి చూడలేదు. సెలవు అయిపోగానే బాబాయ్‌తో పాటు కెమెరా కూడా మస్కట్ వెళ్లిపోయింది.

2016లో తాతయ్య పోయారు. బాబాయ్ వచ్చినప్పుడు ఆ ఫైలు లాప్‌టాప్‌లో పెట్టాడు. ఇంట్లో అందరం చుట్టూ చేరాం. "మీ నాన్నకప్పుడు అయిదేళ్లు. వాణ్ణి తాడిచెట్టుకి కట్టేసి, వెనక్కి తిరిగి చూద్దును గదా..." అన్నాడు తాతయ్య. అంతే, వీడియో అయిపోయింది. ప్లేయర్ కింద 29:59 అని ఉంది.

కార్డులో ఇంకా బోలెడు ఖాళీ ఉంది. కెమెరాలో ఏదో తేడా ఉందనుకున్నాం. తర్వాత నేను ఇంజినీరింగ్ చదువుతూ దాని సంగతేంటో వెతికితే అసలు విషయం తెలిసింది. కెమెరా పాడవలేదు. ఆగమని దానికి ముందే చెప్పి పెట్టారు.

గీత గీసింది కస్టమ్స్

చెప్పింది ఎవరంటే, ఒక రకంగా యూరప్ కస్టమ్స్ శాఖ! యూరోపియన్ యూనియన్‌లోకి ఫొటో కెమెరా దిగుమతి చేసుకుంటే సుంకం సున్నా. వీడియో కెమెరా అయితే అప్పట్లో కనీసం 4.9 శాతం ఉండేది. కానీ డిజిటల్ కెమెరాలు వచ్చాక ఒకే డబ్బా ఫొటో తీస్తుంది, వీడియో కూడా తీస్తుంది. మరి దాన్ని ఏ లెక్కలో వేయాలి?

అందుకని ఒక గీత గీశారు. 800×600 పిక్సెళ్లు లేదా అంతకంటే ఎక్కువ రిజల్యూషన్‌తో, సెకనుకు 23 లేదా అంతకంటే ఎక్కువ ఫ్రేములతో, ఒకే బిగిన 30 నిమిషాలు తీయగలిగితే అది వీడియో కెమెరా. ఈ మూడింటిలో ఒక్కటి తగ్గినా ఫొటో కెమెరానే. రిజల్యూషన్ తగ్గిస్తే జనం కొనరు. ఫ్రేములు తగ్గిస్తే వీడియో కుదుపుగా ఉంటుంది. ఇక మిగిలింది టైమే. కంపెనీలు ఒక్క సెకను కోసేశాయి. 29:59 అలా పుట్టింది.

కోడ్ రాసేవాళ్లకి ఇది ఇట్టే అర్థమవుతుంది. సాఫ్ట్‌వేర్‌లో ఒక 'ఇఫ్' కండిషన్, అంతే. పానసోనిక్ జీహెచ్4 అని 2014లో వచ్చిన కెమెరా దీనికి మంచి ఉదాహరణ. దాని యూరప్ మోడల్ 29:59కి ఆగిపోయేది. అమెరికా మోడల్‌కి ఆ లిమిట్ లేదు. లోపలి సామాను మాత్రం ఒకటే.

మన దగ్గరా అదే లెక్క

ఇది యూరప్ గొడవే కదా, మనకేంటి అనుకోకండి. 2012 మార్చిలో మన కేంద్ర ప్రభుత్వం కూడా కస్టమ్స్ నోటిఫికేషన్‌లో ఇదే నిర్వచనం పెట్టింది. అవే 800×600, అవే 23 ఫ్రేములు, అదే 30 నిమిషాలు. ఈ మూడూ కలిపి చేయలేని కెమెరాకే సుంకం మినహాయింపు.

దీని మీద పెద్ద కేసే నడిచింది. కెనాన్, నికాన్, సోనీ, శాంసంగ్‌ల భారత సంస్థలు ఈ మినహాయింపు వాడుకోవడాన్ని రెవెన్యూ ఇంటెలిజెన్స్ అధికారులు తప్పుబట్టి నోటీసులిచ్చారు. అది సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. 2021 మార్చిలో వచ్చిన తీర్పు, అలాంటి నోటీసులిచ్చే అధికారం ఆ అధికారులకు లేదంది. 2024 నవంబర్‌లో అదే కోర్టు రివ్యూలో ఆ మాట వెనక్కి తీసుకుని, అధికారం ఉందని చెప్పింది. కస్టమ్స్ లాయర్లు 'కెనాన్ ఇండియా కేసు' అని చెప్పుకునేది దీన్నే. గొడవ మొదలైంది మాత్రం మన చేతిలో పట్టే కెమెరా దగ్గర.

ఇంకో ఇద్దరు దొంగలు

మీ కెమెరా 29:59 కంటే ముందే ఆగిపోతోందా? అయితే నేరం వేరేవాళ్లది.

ఒకటి, మెమరీ కార్డు. 32 జీబీ వరకు ఉండే ఎస్‌డీ కార్డులు మామూలుగా ఫ్యాట్32 అనే పద్ధతిలో ఫార్మాట్ అవుతాయి. అందులో ఒక ఫైలు సైజు రాసుకోవడానికి 32 బిట్లే ఉంటాయి. అంటే ఒక ఫైలు 4,294,967,295 బైట్లు దాటకూడదు. మనం 4 జీబీ అంటున్నది ఇదే. సెకనుకు 24 మెగాబిట్ల ఫుల్ హెచ్‌డీ వీడియోకి ఈ 4 జీబీ దాదాపు 24 నిమిషాలు వస్తుంది. 100 మెగాబిట్ల 4కె అయితే ఆరు నిమిషాలు కూడా రాదు. కొన్ని కెమెరాలు 4 జీబీ కాగానే ఇంకో ఫైలు తెరిచి కొనసాగిస్తాయి. కొన్ని ఆగిపోతాయి. 64 జీబీ కార్డుల్లో ఎక్స్‌ఫ్యాట్ ఉంటుంది కాబట్టి ఫైలు సైజుకి ఈ ఇబ్బంది లేదు.

రెండు, వేడి. చిన్న కెమెరాలో సెన్సరూ ప్రాసెసరూ ఇరుక్కుని ఉంటాయి. వేడిని బయటికి తోసే ఫ్యాన్‌కి చోటుండదు. 2015లో వచ్చిన సోనీ ఆర్‌ఎక్స్100 మార్క్ 4లో 4కె వీడియో ఒక్కో క్లిప్పు దాదాపు 5 నిమిషాలే. ఇది మాత్రం కాగితాల మీద గీసిన గీత కాదు, అసలైన లిమిట్. మన ఎండల్లో, పెళ్లి పందిట్లో ఇంకా ముందే తగులుతుంది.

మరి ఫోన్‌లో ఈ గోలెందుకు లేదు? కస్టమ్స్ లెక్కలో అది ఫోనే. కెమెరా అన్న ప్రశ్నే రాదు. లోపలి స్టోరేజీకి ఫ్యాట్32 బాధా లేదు. వేడెక్కడం మాత్రం దానికీ తప్పదు.

ఇప్పుడు పోయిందా?

చాలావరకు. 2015 డిసెంబర్‌లో నైరోబీలో కుదిరిన ప్రపంచ వాణిజ్య సంస్థ ఒప్పందంలో వీడియో కెమెరాలను కూడా సుంకాలు ఎత్తేసే జాబితాలో చేర్చారు. ఆ ఒప్పందంలో ఇండియా చేరలేదు, యూరప్ చేరింది. సుంకం పోతున్న కొద్దీ 29:59 కూడా పోతూ వచ్చింది. 2019లో వచ్చిన సోనీ ఏ6400కి టైమ్ లిమిట్ లేదు. కానీ 2020లో వచ్చిన కెనాన్ ఆర్5లో అది ఇంకా ఉంది.

పైగా ఇప్పుడు పాత కాంపాక్ట్ కెమెరాల మీద మోజు మళ్లీ మొదలైంది. రీల్స్ కోసం సెకండ్ హ్యాండ్‌లో కొంటున్నారు. ఫొటోలకి ఎంచక్కా వాడుకోండి. పెద్ద వీడియోకి మాత్రం ఈ జాగ్రత్తలు మర్చిపోవద్దు:

• ముందు రోజే గోడకి ఎదురుగా పెట్టి 35 నిమిషాలు తీసి చూడండి. సరిగ్గా 29:59కి ఆగితే కస్టమ్స్ లెక్క. ఫైలు 4 జీబీకి కాస్త తక్కువలో ఆగితే కార్డు. పట్టుకుంటే కాలుతోందంటే వేడి.

• ఫోన్‌లో 25 నిమిషాలకి అలారం పెట్టుకోండి. మాటల మధ్య గ్యాప్ రాగానే ఆపి, మళ్లీ బటన్ నొక్కండి.

• పక్కనే ఫోన్‌లో వాయిస్ రికార్డర్ ఆన్ చేసి పెట్టండి. బొమ్మ పోయినా మాట మిగులుతుంది.

• కెమెరా మీ వెనకాల పెట్టకండి. ఎర్ర లైటు మీకు కనపడాలి.

పోయిన దసరాకి ఊరెళ్లినప్పుడు ఇవన్నీ పాటించి నాయనమ్మని రికార్డు చేశా. అలారం మోగినప్పుడల్లా "ఏంట్రా ఆ గోల" అని విసుక్కుంది. మూడు ముక్కలుగా గంటా పది నిమిషాలు వచ్చింది. తాతయ్య వెనక్కి తిరిగి ఏం చూశాడని అడిగా. ఆ రోజు ఆవిడ గుడివాడలో పుట్టింట్లో ఉంది. "నాకెప్పుడూ చెప్పలేదురా. నీకే చెప్పాడేమో" అంది.

చెప్పే ఉంటాడు. ఆ అరుగు మీద నేను విన్నాను. నాకే గుర్తులేదు.