గ్లేజు బకెట్టు అడుగున గడ్డకట్టకుండా ఉండాలంటే?

(పింగాణి పనిలో ఉన్న పూర్వ విద్యార్థులు)



సంచికకు ఏదైనా రాయమన్నప్పుడు, మాకు బాగా తెలిసిన మా పని గురించే రాద్దామనుకున్నాం. ఈ హాస్టల్లో చదివిన మాలో కొందరం టైల్స్ ఫ్యాక్టరీల్లో, కొందరం చిన్న చిన్న పాటరీ యూనిట్లలో పనిచేస్తున్నాం. చదువు పూర్తయ్యాక ఇలాంటి పనుల్లోకి వచ్చేవాళ్ళు మీలోనూ ఉంటారు. వచ్చిన మొదటి నెలలోనే మీకు ఒక చిక్కు ఎదురవుతుంది. నిన్న సాయంత్రం చక్కగా కలిపి పెట్టిన గ్లేజు తెల్లారేసరికి బకెట్టు అడుగున రాయిలా బిగుసుకుపోతుంది. పైన తేట నీళ్ళు, కింద కర్ర కూడా దిగని గడ్డ. చూడటానికి చిన్న సంగతే. కానీ దీనివల్ల కొలిమి నిండా సరుకు పాడవుతుంది, చివరికి తప్పు కలిపిన హెల్పరు మీద పడుతుంది. అందుకే ఇది ఎందుకు జరుగుతుందో, ఎలా ఆపవచ్చో మీకు చెప్పాలనిపించింది.

గ్లేజు అంటే ఏమిటి?

ఆవకాయ జాడీని చేత్తో తడిమి చూడండి. నున్నగా, గాజులా మెరుస్తూ ఉంటుంది. అది నిజంగా గాజే. మట్టి మీద కరిగి అతుక్కున్న పలుచని గాజు పొర. అది ఉండబట్టే ఉప్పు, నూనె జాడీ గోడల్లోకి ఇంకవు. ఆ పొరనే గ్లేజు అంటారు.

పలుగురాయి పొడి, ఫెల్డ్‌స్పార్, చైనా క్లే, సుద్ద, ముందే కరిగించి పొడిచేసిన ఒక రకం గాజు (దీన్ని ఫ్రిట్ అంటారు) వంటివి కొలత ప్రకారం నీళ్ళలో కలిపి, చిక్కటి మజ్జిగలా చేస్తారు. ఒకసారి కాల్చిన పాత్రను అందులో ముంచుతారు. పాత్ర నీళ్ళు పీల్చుకుంటుంది, పొడి పైన పూతలా నిలుస్తుంది. మళ్ళీ కాలిస్తే, రకాన్ని బట్టి 1000 నుంచి 1300 డిగ్రీల సెల్సియస్ మధ్య ఆ పొడి కరిగి గాజు అవుతుంది. ఈ పొడుల్లో చాలావాటికి మన నేలే పుట్టిల్లు. మహబూబ్‌నగర్, రంగారెడ్డి, నెల్లూరు ప్రాంతాల్లో పలుగురాయి, ఫెల్డ్‌స్పార్ దొరుకుతాయి. ద్వారకాతిరుమల చుట్టుపక్కల తెల్లబంక మట్టి దొరుకుతుంది.

ఇక్కడ గుర్తుంచుకోవలసింది ఒకటే. పంచదార కరిగినట్టు ఈ పొడులు నీళ్ళలో కరగవు. ఊరికే తేలుతూ ఉంటాయి. వదిలేస్తే దిగిపోతాయి.

ఎంత వేగంగా దిగుతాయి?

నీళ్ళలో పడే రేణువు వేగాన్ని లెక్కకట్టే సూత్రాన్ని 1851లో జార్జ్ స్టోక్స్ అనే శాస్త్రవేత్త ఇచ్చాడు. దాని సారాంశం ఇది. రేణువు ఎంత బరువైన పదార్థమైతే అంత వేగంగా దిగుతుంది. దాని పరిమాణం సగమైతే వేగం నాలుగో వంతుకు పడిపోతుంది.

పలుగురాయి నీటికన్నా 2.65 రెట్లు సాంద్రమైనది. 200 మెష్ జల్లెడ దాటే రేణువుల్లో పెద్దవి 75 మైక్రాన్లు ఉంటాయి. అలాంటిది ఒక్కటే మంచినీళ్ళలో పడితే సెకనుకు సుమారు 5 మిల్లీమీటర్లు దిగుతుంది. అంటే 30 సెంటీమీటర్ల లోతు దిగడానికి ఒక్క నిమిషం చాలు. 10 మైక్రాన్ల రేణువుకు దాదాపు గంట పడుతుంది. 1 మైక్రాన్ రేణువుకు నాలుగు రోజులు కావాలి. గ్లేజు చిక్కగా ఉంటుంది కాబట్టి బకెట్టులో ఇంకా నెమ్మదిగా జరుగుతుంది, కానీ వరస మాత్రం ఇదే.

మన ఊరి కుమ్మరులకు ఈ సంగతి తరతరాలుగా తెలుసు. మట్టిని నీళ్ళలో కలిపి కాసేపు వదిలితే ఇసుక, గులకలు ముందు అడుగుకు చేరతాయి. పైన నిలిచిన సన్నటి మట్టినీళ్ళను వేరే గుంటలోకి వంచుకుంటారు. అక్కడ దిగిపోవడం మేలు చేస్తుంది. గ్లేజు బకెట్టులో అదే కీడు చేస్తుంది. పలుగురాయి, ఫ్రిట్ అడుగుకు పోయి, పైన మట్టి ఎక్కువున్న పలుచని నీళ్ళు మిగిలితే, అందులో ముంచిన పాత్ర మీద పడేది అసలు గ్లేజు కాదు. కాల్చాక గరుకుగా, మెరుపు లేకుండా వస్తుంది.

దిగడం వేరు, గడ్డకట్టడం వేరు

అన్ని గ్లేజులూ ఎంతో కొంత దిగుతాయి. కొన్ని మెత్తగా దిగి, ఒకసారి కలిపితే లేచివస్తాయి. కొన్ని రాయిలా బిగుస్తాయి. ఈ తేడా ఎక్కడ వస్తుంది?

నీళ్ళలో ఉన్న సన్నటి రేణువుల మీద ఎక్కువగా రుణ విద్యుదావేశం ఉంటుంది. ఒకే ఆవేశం కాబట్టి ఒకదాన్నొకటి తోసుకుంటాయి. అలా తోసుకున్నంతసేపూ ప్రతి రేణువూ ఒంటరిగా, దేనికీ తగులుకోకుండా జారుతుంది. అడుగుకు చేరాక కూడా జారి జారి ఖాళీ సందులన్నీ నింపేస్తుంది. ఇటుకలు వరసగా పేర్చినట్టు దట్టంగా కూర్చుంటాయి. అదే గడ్డ. బియ్యప్పిండిని పలుచగా నీళ్ళలో కలిపి వదిలేస్తే గిన్నె అడుగున బిగుసుకోవడం చూసే ఉంటారు. ఇదీ అలాంటిదే.

ఆ తోపుడును తగ్గిస్తే రేణువులు ఒకదాన్నొకటి పట్టుకుని గుత్తులు కడతాయి. ఆ గుత్తుల మధ్య నీళ్ళు నిలుస్తాయి. చిక్కటి గ్లేజులో గుత్తులన్నీ ఒకదానికొకటి ఆనుకుని వలలా ఏర్పడి, బరువు రేణువులను కూడా మోస్తాయి. దిగినా దూదిలా వదులుగా దిగుతుంది. పనిలో దీన్ని ఫ్లాక్యులేషన్ అంటారు. ఇంటరు రసాయనశాస్త్రంలో కొల్లాయిడ్‌ల పాఠం చదివినవారికి స్కందనం అన్న మాట గుర్తుండే ఉంటుంది. తోపుడును తగ్గించేవి ధనావేశం ఉన్న అయాన్లు. ఆవేశం ఎక్కువైన కొద్దీ బలం ఎక్కువ. సోడియం కన్నా మెగ్నీషియం, కాల్షియం, వాటికన్నా అల్యూమినియం గట్టిగా పనిచేస్తాయి. బురద నీళ్ళలో పటిక తిప్పితే తేటపడటం వెనుక ఉన్నదీ ఈ సూత్రమే.

మీరే చేసి చూడండి

మూడు ఖాళీ గాజు సీసాలు తీసుకోండి. చెరువు మట్టిని నీళ్ళలో బాగా కలిపి, గుడ్డలో వడకట్టి, మూడింటిలో సమానంగా పోయండి. మొదటిదాన్ని అలాగే ఉంచండి. రెండోదాంట్లో చిటికెడు పటిక పొడి, మూడోదాంట్లో చిటికెడు చాకలి సోడా వేసి కుదిపి, కదపకుండా పెట్టండి.

పటిక వేసింది త్వరగా తేటపడుతుంది. దాని అడుగున మట్టి ఎత్తుగా, మెత్తగా ఉంటుంది. సోడా వేసింది చాలాకాలం మురికిగానే ఉంటుంది. దిగిన కాస్త మట్టీ పలుచగా, గట్టిగా అంటుకుని ఉంటుంది. సీసాలను మెల్లగా వంచి చూస్తే తేడా తెలిసిపోతుంది. త్వరగా తేటపడిందే మెత్తగా దిగుతుంది. ఇది మొదట వింతగా అనిపిస్తుంది, కానీ గ్లేజు రహస్యమంతా ఇందులోనే ఉంది.

బాగున్న బకెట్టు నెలకు ఎందుకు చెడుతుంది?

గ్లేజులో వాడే సోడా ఫెల్డ్‌స్పార్, నెఫిలిన్ సైనైట్, కొన్ని ఫ్రిట్‌లు పూర్తిగా కరగకపోయినా, వాటినుంచి సోడియం కొద్దికొద్దిగా నీళ్ళలోకి ఊరుతుంది. అది పై సీసాలోని చాకలి సోడా చేసిన పనే చేస్తుంది. అందుకే కలిపిన రోజున బాగున్న గ్లేజు కొన్ని వారాలకు పలుచబడి, గడ్డకట్టడం మొదలవుతుంది. పనివాడు సరిగా కలపలేదని దీనికి అర్థం కాదు.

ఏం చేయాలి?

1. ముందు మట్టి పాలు చూడండి. సాధారణంగా చైనా క్లే 20 శాతం దాకా ఉన్న గ్లేజు పెద్దగా ఇబ్బంది పెట్టదు. 10 శాతం లోపుంటే గడ్డకట్టే అవకాశం ఎక్కువ. అయితే మట్టి పెంచితే కరిగే తీరు కూడా మారుతుంది. కాబట్టి ఫార్ములా తెలిసినవారు మిగతా పాళ్ళు సరిచేశాకే పెంచాలి.

2. బెంటొనైట్ వాడవచ్చు. కచ్ఛ్, బాడ్‌మేర్ ప్రాంతాలనుంచి వచ్చే ఈ మట్టి నీళ్ళు తాగి బాగా ఉబ్బుతుంది. 10 కిలోల పొడి గ్లేజుకు 200 గ్రాములు చాలు. తడి గ్లేజులో నేరుగా వేస్తే ఉండలు కడుతుంది. మిగతా పొడులతో పొడిగానే కలపాలి, లేదా విడిగా నీళ్ళ మీద చల్లి రాత్రంతా నాననివ్వాలి. మూడు శాతం మించితే పూత ఆరేటప్పుడు పగులుతుంది.

3. కలిపేసిన గ్లేజుకు ఎప్సం సాల్ట్ మంచి మందు. పత్తి ఆకులు ఎర్రబడితే మన రైతులు పిచికారీ చేసే మెగ్నీషియం సల్ఫేటే ఇది. 10 గ్రాములు 100 మిల్లీలీటర్ల గోరువెచ్చని నీళ్ళలో కరిగించి, ఒక్కో చెంచా పోస్తూ కలపాలి. 10 కిలోల పొడికి 10 నుంచి 20 గ్రాముల ఉప్పు సరిపోతుంది. కర్రతో గిర్రున తిప్పి ఆపితే, సుడి చప్పున ఆగి కాస్త వెనక్కి తిరుగుతుంది. అది కనబడగానే ఆపేయాలి. ఎక్కువైతే గ్లేజు పెరుగులా తోడుకుంటుంది. పలుచన చేద్దామని నీళ్ళు పోస్తే పూత ఆరేటప్పుడు ఎక్కువగా కుంచించుకుని పగులుతుంది, కొలిమిలో ముడుచుకుపోతుంది.

4. నీళ్ళను కంటి అంచనాతో పోయవద్దు. లీటరు కొలపాత్ర నింపి తూచండి. ముంచే గ్లేజు చాలావరకు 1400 నుంచి 1500 గ్రాముల మధ్య తూగుతుంది. మీ యూనిట్లో బాగా వచ్చిన రోజు బరువును పుస్తకంలో రాసిపెట్టుకోండి.

5. సి.ఎం.సి. అనే జిగురు కూడా దిగకుండా కొంత ఆపుతుంది. కానీ పూత ఆలస్యంగా ఆరుతుంది. మన ఎండాకాలంలో త్వరగా కుళ్ళి వాసన వస్తుంది, దాంతో చిక్కదనం పోతుంది.

టైల్స్ ఫ్యాక్టరీల పద్ధతి వేరు. అక్కడ నీళ్ళు తక్కువగా ఉండాలి కాబట్టి కావాలనే రేణువులను విడదీసే మందు వేస్తారు. దిగకుండా జిగురు కలిపి, ట్యాంకుల్లో ఫ్యాను ఆపకుండా నెమ్మదిగా తిప్పుతారు. అక్కడి లెక్క చిన్న యూనిట్లో బకెట్టుకు పనికిరాదు.

ఇప్పటికే గట్టిపడితే?

పారేయకండి. పైన తేట నీళ్ళను వేరే బకెట్టులోకి వంచి దాచండి. కరిగిన లవణాలు అందులోనే ఉంటాయి, కాబట్టి అవీ గ్లేజులో భాగమే. గడ్డను గరిటెతో అంచులనుంచి కొద్దికొద్దిగా చెక్కుతూ, దాచిన నీళ్ళు పోస్తూ మెత్తబరచండి. బాగా కలిశాక 80 మెష్ జల్లెడ పట్టి, తూచి, అప్పుడు ఎప్సం సాల్ట్ వేయండి. చేతులకు గ్లవుజులు ఉండాలి. ఎండిన గడ్డను పొడిగా గోకవద్దు, పొడిని చీపురుతో ఊడ్చవద్దు, తడిగుడ్డతో తుడవండి. సన్నటి పలుగురాయి ధూళి ఏళ్ళ తరబడి పీలిస్తే సిలికోసిస్ వస్తుంది. ఆ జబ్బుకు నయంచేసే మందు లేదు.

తెలిసి ఉంటే వచ్చే లాభం

మాలో ఒకరు పనిలో చేరిన కొత్తలో ఒక చిన్న యూనిట్లో కప్పులన్నీ గరుకుగా వచ్చాయి. గ్లేజు సరిగా కలపలేదని మూడు రోజుల కూలి కోశారు. అతను వాదించలేదు. ఫార్ములా కాగితం చూశాడు. అందులో ఎక్కువ భాగం ఫ్రిట్టే, మట్టి నాలుగు శాతం మాత్రమే. అదే గ్లేజును రెండు సీసాల్లో పోసి, ఒకదాంట్లో ఎప్సం సాల్ట్ నీళ్ళు వేసి, మూడు రోజులు ఉంచి సూపర్‌వైజరు బల్ల మీద పెట్టాడు. ఒకదాంట్లో పుల్ల అడుగుదాకా దిగింది, రెండోదాంట్లో దిగలేదు. కోసిన కూలి తిరిగి రాలేదు. కానీ ఆ రోజునుంచి ఫార్ములాలో ఎప్సం సాల్ట్ చేరింది, ఆ తప్పు మళ్ళీ ఏ హెల్పరు మీదా పడలేదు.

తమ్ముళ్ళూ, చెల్లెళ్ళూ, హాస్టల్లో చదివే అయాన్లు, సాంద్రత, వేలెన్సీ పరీక్షలతో అయిపోయేవి కావు. ఈ దారిలో ఆసక్తి ఉన్నవారు పాలిసెట్ రాసేటప్పుడు గూడూరులోని ప్రభుత్వ సెరామిక్ టెక్నాలజీ సంస్థ గురించి కూడా విచారించండి. పనిలో చేరితే మొదటి రోజే ఒక చిన్న నోటు పుస్తకం కొనుక్కోండి. ఏ గ్లేజు, ఎంత మట్టి, లీటరు బరువు ఎంత, ఎన్ని రోజులకు దిగింది, ఇవన్నీ తేదీతో రాయండి. సందేహం వస్తే సెలవుల్లో మేము హాస్టలుకు వచ్చినప్పుడు అడగండి. సీసాలు, పటిక మీరు సిద్ధంగా ఉంచండి, గ్లేజు మేము తెస్తాం.