గోలీ పడకముందే బిగిసే వేళ్లు

నిండు బిందె అనుకుని బలంకొద్దీ ఎత్తితే అది ఖాళీదట! బిందె కాస్తా చివ్వున పైకి లేచి గోడకు కొట్టుకుంది. "ఎత్తకముందే అంత బలం పెట్టమని చేతికి ఎవరు చెప్పారు?" అని ఒక పాఠకురాలు అడిగారు. ఇంత మంచి ప్రశ్న వచ్చాక ఊరుకోవడం నావల్ల కాదు.

కోడిగుడ్డును వదులుగా పట్టుకుంటే జారుతుంది, గట్టిగా నొక్కితే చితుకుతుంది. అందుకే జారకుండా ఉండటానికి ఎంత కావాలో, అంతకన్నా కాస్త మాత్రమే ఎక్కువగా వేళ్లు నొక్కుతాయి. అరచేతి వైపు చర్మంలో ఉన్న సుమారు 17,000 స్పర్శ గ్రాహకాలు వస్తువు గరుకో నునుపో మెదడుకు చెబుతుంటాయి. వేలికొసలకు మత్తిస్తే ఈ లెక్క తప్పుతుంది.

వస్తువు జారితే చర్మం కనిపెడుతుంది, అప్పుడు మెదడు పట్టు బిగిస్తుంది, పని అంతే అని చాలాకాలం అనుకున్నారు. ఇది సగం నిజమే. స్వీడన్‌లోని ఉమియో విశ్వవిద్యాలయంలో రోలండ్ యోహాన్‌సన్, యోరాన్ వెస్ట్‌లింగ్ 1984లో ఆ సగాన్ని కొలిచి చూపించారు. జారుడు మొదలయ్యాక సెకనులో 10వ వంతు కూడా గడవకముందే, మనకు తెలియకుండానే పట్టు బిగుస్తుంది. కానీ వేగంగా కదిలే చేతికి ఆ కాస్త ఆలస్యం కూడా ఎక్కువే.

మిగతా సగం 1988లో వాళ్లే చేసిన ప్రయోగంలో బయటపడింది. రెండు వేళ్లతో పట్టుకున్న గిన్నెలోకి బంతి వేయాలి. చెప్పకుండా ఇంకొకరు వేస్తే, బంతి తగిలాకే వేళ్లు బిగిశాయి. అదే బంతిని ఆ మనిషే రెండో చేత్తో వదిలితే, అది గిన్నెను తాకకముందే బిగిశాయి! దెబ్బ ఎప్పుడు, ఎంత గట్టిగా తగులుతుందో మెదడు ముందే లెక్క కట్టేసింది. ఈ ముందస్తు లెక్కలో చిన్నమెదడుది పెద్ద పాత్ర. అది దెబ్బతిన్నవాళ్లు వస్తువును అవసరానికి మించి నొక్కుతారు.

మన బిందె కథా ఇదే. కన్ను చూసిన సైజు, పాత అనుభవం కలిసి బరువును అంచనా వేశాయి, చెయ్యి నమ్మింది. రెండోసారికి చెయ్యి సర్దుకుంటుంది, మనసు మాత్రం అంత త్వరగా సర్దుకోదు. ఒకే బరువున్న రెండు పెట్టెల్లో చిన్నదే బరువనిపిస్తుందని ఫ్రెంచి వైద్యుడు షార్పాంత్యే 1891లోనే రాశారు. చెయ్యి వేసిన అంచనా తప్పడం వల్లే ఈ భ్రమ అని తర్వాత చాలామంది వివరించారు. 2000లో ఫ్లానగన్, బెల్ట్‌జ్‌నర్ అనే పరిశోధకులు ఆ వివరణను పడగొట్టారు. కొన్నిసార్లు ఎత్తేసరికి వేళ్లు సరిగ్గా సరిపోయే బలమే పెట్టాయి, అయినా చిన్న పెట్టే బరువన్న భావన పోలేదు. అంటే వేళ్ల లెక్క వేరు, మనసు లెక్క వేరు.

వేళ్ల లెక్కకు స్పర్శే ఆధారం, అయినా కృత్రిమ చేతుల ప్రకటనల్లో ఎన్ని వేళ్లు కదులుతాయో గొప్పగా చెబుతారు. వాటిలో చాలావాటికి స్పర్శే లేదు, గ్లాసు జారుతోందా అని కళ్లతోనే కాపలా కాయాలి. ముందు స్పర్శ ఇవ్వండి, వేళ్ల కదలికలు తర్వాత!

ఈ సాయంత్రం ఖాళీ స్టీలు గ్లాసును రెండు వేళ్లతో పట్టుకుని కళ్లు మూసుకోండి. పిల్లల చేత చెప్పకుండా అందులో గోలీ వేయించండి. తర్వాత మీరే వేసుకోండి. ఏసారి గ్లాసు కిందికి దిగిందో, ఏసారి నిలకడగా ఉందో పిల్లలనే చెప్పమనండి.