మరపుకు తొలి మందు – మూసిన పుస్తకం

పరీక్షల కాలం సమీపించిందంటే కోడుమూరులోని నా వైద్యశాలకు ఒక కొత్త రకం రోగులు వస్తారు. వారికి జ్వరం ఉండదు, దగ్గు ఉండదు. కర్నూలులో డిగ్రీ చదువుతున్న కుమారుణ్ణో, కుమార్తెనో వెంటబెట్టుకొని వచ్చిన తల్లిదండ్రులు అడిగేది ఒక్కటే: "జ్ఞాపకశక్తికి మంచి మందేదైనా ఇవ్వండి."

ఈ కోరికను నేను ఒకప్పుడు చాలా తేలికగా తీర్చేవాణ్ణి. పదేండ్ల క్రిందట ఒక అమ్మాయి వచ్చింది. నాడి చూసి, నాలుక చూసి, సారస్వతారిష్టం వ్రాసి పంపాను. ఆమె మందు క్రమం తప్పక సేవించింది. అయినా పరీక్ష తప్పింది. "వైద్యం చేయించినా బుర్రకెక్కలేదు, ఇక చదువెందుకు?" అని ఇంటివారు చదువు మాన్పించి పెండ్లి చేశారు. మందులో దోషం లేదు. ఆ బిడ్డ బుద్ధిలోనూ దోషం లేదు. "నీవు ఏ విధంగా చదువుతున్నావమ్మా?" అనే ప్రశ్నను నేను అడుగలేదు. ఆ లోపం నాది. పాఠకులు ఇదే పొరపాటు చేయకుండా ఉండాలనే ఈ వ్యాసం వ్రాస్తున్నాను.

నేతగాని కుమారుడు

మా ఊరిలో గద్వాల రకం చీరలు నేసే కుటుంబాలు ఉన్నాయి. కొంతకాలం క్రిందట అటువంటి ఇంటి నుండి ఒక తండ్రి బీకాం చదివే కుమారుణ్ణి తీసుకొని వచ్చాడు. "పొద్దస్తమానం పుస్తకం ముందరే కూసుంటాడు సామీ. మూడు సబ్జెక్టులు పోయినాయి. ఇంకొకసారి పోతే మగ్గం గుంతలో దిగమని చెప్పినా" అన్నాడు. పిల్లవాడు తల వంచుకొని నిలబడ్డాడు.

ఈసారి నాడి కంటె ముందు నోటుపుస్తకం అడిగాను. ప్రతి పుటలోనూ దాదాపు ప్రతి వాక్యం క్రింద గీత ఉన్నది. ఒక పుట చదవమన్నాను. చక్కగా చదివాడు. పుస్తకం మూసి, "ఇప్పుడు ఇందులో ఏమున్నదో చెప్పు నాయనా" అన్నాను. రెండు మాటలు చెప్పి ఆగిపోయాడు. "ఇప్పుడే చదివినాను సార్" అంటుండగానే కన్నీరు తిరిగింది.

రోగం అర్థమైంది. అతడు కన్నులతో చదువుతున్నాడు. మనస్సుతో తిరిగి చెప్పుకోవడం లేదు. పదే పదే చూసిన పుట పరిచయమైనట్లు తోస్తుంది. ఆ పరిచయాన్నే జ్ఞానమని భ్రమిస్తాము. పరీక్ష గదిలో పుట కన్నుల ముందు ఉండదు కనుక భ్రమ అక్కడ తొలగిపోతుంది.

దీనికి తోడు భాష మరొక అడ్డంకి. మన రాష్ట్రంలో 2021-22 విద్యాసంవత్సరం నుండి డిగ్రీ కోర్సులు ఆంగ్ల మాధ్యమంలోకి మారాయి. ఇంటర్ దాకా తెలుగులో చదివిన ఇతనికి అర్థం కాని వాక్యాన్ని కంఠస్థం చేయడం తప్ప వేరే దారి తోచలేదు.

చరకుడు చెప్పిన అధ్యయన విధి

ఆయుర్వేదమంటే ఆకులు, అరిష్టాలు మాత్రమే అనుకునేవారు చరక సంహితలోని విమానస్థానం ఎనిమిదవ అధ్యాయం చూడాలి. శాస్త్రజ్ఞానానికి మూడు ఉపాయాలు అక్కడ చెప్పబడ్డాయి: అధ్యయనం, అధ్యాపనం, తద్విద్య సంభాష. అనగా తాను చదవడం, ఇతరులకు బోధించడం, అదే విద్య తెలిసినవారితో చర్చించడం. చదవడం మూడింటిలో ఒక భాగమే!

విద్యార్థి వేకువనే లేచి, శుచియైన సమతల ప్రదేశంలో సుఖంగా కూర్చుని, మనస్సు నిలిపి, పాఠాన్ని స్పష్టంగా మరల మరల చెప్పుకోవాలని, అర్థంలోనికి చొచ్చుకొని పోవాలని, తన దోషాలను తానే సవరించుకోవాలని అక్కడ ఉన్నది. మధ్యాహ్నం, సాయంకాలం, రాత్రి కూడా ఈ విధంగానే చేయాలి. ఒకే బిగిన కాక, దినమంతా విడతలుగా అన్నమాట.

ఇక శారీరస్థానం మొదటి అధ్యాయంలో స్మృతి కలగడానికి ఎనిమిది కారణాలు ఉన్నాయి. మోక్షమార్గ ప్రస్తావనలో చెప్పినవే అయినా, వాటిలో పెక్కు మన డిగ్రీ విద్యార్థికి కూడా చక్కగా అన్వయిస్తాయి. ఈ అబ్బాయికి నేను వాటిని ఇట్లా చెప్పాను.

నిమిత్తం: ప్రతి విషయానికీ కారణం అడుగు. యంత్రానికి తరుగుదల ఎందుకు లెక్క కడతారు? మీ నాయన మగ్గం ఏటేటా అరిగిపోవడం లేదా?

రూపం: పాఠాన్ని ఒక పటంగా, పట్టికగా గీసి చూడు.

సాదృశ్యం: తెలిసినదానితో పోల్చు. పట్టు, జరీ ఇచ్చి చీరకు కూలి కట్టే షావుకారు పద్దులో అప్పు, జమ ఉంటాయి. నీ అకౌంట్సు పుస్తకంలో ఉన్నవీ అవే.

విపర్యయం: భేదం పట్టుకో. షేరు కొన్నవాడు కంపెనీలో భాగస్వామి, డిబెంచరు కొన్నవాడు అప్పు ఇచ్చినవాడు. ఈ ఒక్క భేదం తెలిస్తే మిగిలిన తేడాలు వాటంతట అవే వస్తాయి.

సత్త్వానుబంధం: మనస్సును ఒకచోట కట్టివేయి. చదివేటప్పుడు సెల్‌ఫోను ప్రక్క గదిలో ఉండాలి.

అభ్యాసం, జ్ఞానయోగం, పునఃశ్రుతం: మరల మరల సాధన చేయి, తెలిసినదానికి కొత్తదాన్ని జతపరచు, విన్నదాన్ని తిరిగి విను.

ఆధునికుల పరీక్షలు

జర్మనీకి చెందిన ఎబ్బింగ్‌హాస్ అనే శాస్త్రవేత్త అర్థంలేని అక్షరాల గుంపులను తానే కంఠస్థం చేసి, ఎంత కాలానికి ఎంత మరచిపోతున్నాడో కొలిచి 1885లో ప్రకటించాడు. మరపు మొదట చాలా వేగంగా, తరువాత నెమ్మదిగా సాగుతుందని ఆయన చూపాడు. కనుక తొలి పునశ్చరణ ఆలస్యం కారాదు.

2006లో అమెరికాలో రోడిగర్, కార్పికే అనే పరిశోధకులు కళాశాల విద్యార్థులపై ఒక పరీక్ష జరిపారు. కొందరు పాఠాన్ని మరల చదివారు. కొందరు పుస్తకం చూడక గుర్తున్నది వ్రాశారు. ఐదు నిమిషాల తరువాత మరల చదివినవారిదే పైచేయి. వారం తరువాత మాత్రం చూడక వ్రాసినవారికే ఎక్కువ గుర్తున్నది. పరీక్షకు ముందురాత్రి చదువు ఎందుకు నిలువదో దీనివలన తెలుస్తున్నది.

ఆచరించవలసిన క్రమం

1. ఒక అంశాన్ని అరగంట చదివి పుస్తకం మూయండి. తెల్లకాగితంపై గుర్తున్నదంతా వ్రాయండి. తరువాత పుస్తకం తెరచి, విడిచినవాటిని వేరే రంగుతో చేర్చండి.

2. ఆ రాత్రి, మూడవ రోజు, ఏడవ రోజు, ఇరువది ఒకటవ రోజు అదే అంశాన్ని ముందు చూడకుండా చెప్పుకొని, తరువాతనే పుస్తకం చూడండి.

3. మొదట తెలుగులో అర్థం చెప్పుకోండి. పిమ్మట ఆంగ్లంలో నాలుగు చిన్న వాక్యాలు వ్రాయండి. కొత్త పదాలకు చిన్న పుస్తకం ఉంచుకోండి.

4. ఇంట్లో ఒకరికి బోధించండి. ఈ అబ్బాయి కండెలు చుట్టే తల్లికి చెప్పేవాడు. ఆమె "అట్ల ఎందుకు నాయనా?" అని అడిగినప్పుడు తడబడిన చోటే మరల చదువవలసిన చోటు.

5. కర్నూలుకు బస్సులో పోయే సమయాన్ని ముగ్గురు మిత్రులు ప్రశ్నలకు ఉపయోగించుకున్నారు. చరకుడు చెప్పిన సంధాయ సంభాష, అనగా స్నేహపూర్వక చర్చ, ఇదే.

ఆహారం, నిద్ర, మూలికలు

ఆహారం, నిద్ర, బ్రహ్మచర్యం శరీరానికి మూడు ఉపస్తంభాలని ఆయుర్వేదం చెబుతున్నది. చదివినది మెదడులో స్థిరపడడానికి నిద్ర అవసరమని నేటి శాస్త్రం కూడా అంగీకరిస్తున్నది. రాత్రి ఒంటిగంట దాకా మేల్కొని, వేకువ నాలుగింటికే లేవడం బ్రాహ్మీముహూర్తానికి గౌరవం కాదు. పదింటికి పడుకున్నవారికే ఆ వేళ ఫలిస్తుంది. పడుకునే ముందు అరికాళ్ళకు నువ్వులనూనె మర్దన చేస్తే హాయిగా ఉంటుంది. రాత్రికి జొన్నరొట్టె, పప్పు, ఆకుకూర మితంగా చాలు. మన ఎండలలో నీరు, పలుచని మజ్జిగ మరువరాదు.

సరస్వతి ఆకు, అతిమధురం, తిప్పతీగ, శంఖపుష్పి అనే నాలుగింటిని చరకుడు మేధ్య రసాయనాలన్నాడు. సరస్వతి ఆకును తొట్టిలో పెంచుకొని, బాగా కడిగి, వారానికి రెండు రోజులు నాలుగైదు ఆకులు పచ్చడిలో వేసుకోవచ్చు. కాలేయ వ్యాధి ఉన్నవారు, గర్భిణులు వాడరాదు. అతిమధురం రక్తపోటును పెంచగలదు. తిప్పతీగ వాడిన కొందరికి కాలేయం దెబ్బతిన్నట్లు వైద్యులు గమనించారు. కనుక వైద్యుని సలహా లేనిదే ఈ రెండింటి జోలికి పోరాదు.

చదువులో మునుపు చురుకుగా ఉన్నవారు హఠాత్తుగా మందగిస్తే రక్తహీనత, థైరాయిడ్, చూపు పరీక్షించండి. దిగులు, నిద్రలేమి రెండు వారాలు దాటితే తప్పక వైద్యునికి చూపండి. "సోమరితనం" అని తిట్టి వదలకండి.

నేతగాని కుమారుడు తరువాతి పరీక్షలో మూడింటిలో రెండు గట్టెక్కాడు. మూడవది ఆపై వచ్చిన సెమిస్టరులో పూర్తయింది. తండ్రి వచ్చి, "ఏం మందిచ్చినావు సామీ?" అని అడిగాడు. ఇచ్చినది ఒక తెల్లకాగితాల కట్ట, అంతే.

మీ ఇంటి పిల్లలు "గుర్తుండడం లేదు" అంటే వెంటనే మందు వెదకకండి. ప్రక్కన కూర్చుని, పుస్తకం మూసి, "ఇప్పుడు నాకు చెప్పు" అనండి. పదేండ్ల క్రిందట ఆ అమ్మాయికి నేను ఇవ్వవలసిన మందు అదే.