పాలలో వెన్నను అంటిపెట్టుకొని వచ్చే విషం



మన సంఘాలలో రెండు పూటలా పాలు పోయించుకొనేటప్పుడు లాక్టోమీటరు వేస్తాము, వెన్న శాతం చూస్తాము. నీళ్ళు కలిసినా, వెన్న తీసినా పట్టుబడుతుంది. కాని ఈ పరీక్షలకు చిక్కని దోషం ఒకటి కలదు. కొన్ని పురుగు మందుల అవశేషం మేత ద్వారా పశువు ఒంట్లో చేరి, కొవ్వులో నిలిచి, వెన్నతోపాటు పాలలోకి దిగుతుంది. కాచినంత మాత్రాన అది పోదు. పెరుగు తోడేసి వెన్న తీస్తే వెన్నలోకి, కాస్తే నేతిలోకి చేరుతుంది. దీనిని గురించి శాస్త్రజ్ఞులు తెలుసుకొన్న సంగతులు, ప్రభుత్వాలు తీసుకొన్న చర్యలు పాడి రైతులందరూ తెలుసుకొనుట అవసరం.

హార్మోను అంటే ఏమి?

దూడ పొదుగు కుమ్మగానే గేదె చేపుతుంది. మెదడు అడుగున ఉన్న చిన్న గ్రంథి నుంచి ఆక్సిటోసిన్ అనే హార్మోను రక్తంలో కలిసి పొదుగుకు చేరడంవల్లనే పాలు దిగుతాయి. పశువు ఎదకు రావడం, చూడి నిలవడం, ఈనడం అన్నీ ఇటువంటి హార్మోనులు మోసుకుపోయే కబుర్ల ప్రకారమే జరుగుతాయి. మనుషులలోనూ అంతే. ఒక్కొక్క హార్మోనుకు శరీరంలో ఒక్కొక్క తాళం ఉన్నదనుకోండి. అతి స్వల్ప పరిమాణంలో ఉన్నా, సరైన తాళంచెవి గనుక పని జరుగుతుంది.

కొన్ని రసాయనాలు దొంగ తాళంచెవివలె తెరవకూడని వేళ తాళం తెరుస్తాయి. కొన్ని తాళంలో ఇరుక్కుని అసలు తాళంచెవిని దూరనివ్వవు. డి.డి.టి. శరీరంలో మార్పు చెంది డి.డి.ఇ.గా మారుతుంది. ఇది పురుష హార్మోను పనికి అడ్డుపడుతుందని 1995లో శాస్త్రజ్ఞులు ప్రకటించారు. ఇటువంటి రసాయనం వెంటనే ప్రాణం తీయదు. గర్భంలో అవయవాలు ఏర్పడే దశలో తగిలితే, దాని ఫలితం ఏళ్ళ తరువాత బయటపడవచ్చును. అందుకే దీనిని కనుగొనడం అంత కష్టమైనది.

పదిమంది కలిస్తే తేలిన నిజం

అమెరికా, కెనడా దేశాల నడుమ మహాసరస్సులు కలవు. అక్కడి చేపలను తినే పక్షులు పైకి బాగానే కనిపించినా, వాటి పిల్లలు బ్రతకకపోవడం, అవకరాలతో పుట్టడం పరిశోధకులు గమనించారు. థియో కోల్‌బర్న్ అనే ఆమె మొదట ఫార్మసిస్టు. యాభై ఏళ్ళు దాటిన తరువాత జంతుశాస్త్రంలో డాక్టరేటు పొందారు. వేర్వేరు చోట్ల పడియున్న ఈ పరిశోధనలను ఆమె ఒకచోట చేర్చి పరిశీలించారు. 1991 జూలైలో విస్కాన్సిన్ రాష్ట్రంలోని వింగ్‌స్ప్రెడ్ అనే చోట వేర్వేరు శాస్త్రాలకు చెందిన 21 మంది సమావేశమై ఈ రసాయనాలకు హార్మోనులను భంగపరచేవి అని పేరు పెట్టారు. పక్షుల నిపుణుడు పక్షులనే, వైద్యుడు రోగులనే చూసినంతకాలం సంగతి తేలలేదు. అందరి చెంబులూ కలిస్తేనే క్యాను నిండుతుందని మనకు వేరే చెప్పనక్కరలేదు.

తరువాత దేశాలు కూడా కలిశాయి. ఏళ్ళ తరబడి నశించకుండా కొవ్వులో పేరుకొనే 12 రకాల రసాయనాలపై 2001లో స్టాక్‌హోంలో ఒడంబడిక కుదిరింది. డి.డి.టి.ని రోగాలు వ్యాపింపజేసే దోమల వంటి కీటకాల నివారణకు మాత్రమే అనుమతించారు. ఒడంబడిక 2004లో అమలులోకి వచ్చినది. భారతదేశం 2006లో ఆమోదించినది. మన దేశంలో వ్యవసాయానికి డి.డి.టి. వాడకం 1989లోనే నిషేధింపబడినది. బి.హెచ్.సి. 1997లో నిషేధింపబడినది.

ఎండోసల్ఫాన్ మన పత్తి రైతులకు బాగా తెలిసిన మందు. కేరళలోని కాసరగోడు జిల్లాలో జీడిమామిడి తోటలపై దీనిని 2000వ సంవత్సరం వరకు ఇరవై ఏళ్ళకు పైగా హెలికాప్టర్లతో చల్లారు. అక్కడి పిల్లల అవస్థ దేశమంతటా చర్చకు వచ్చినది. 2011 మేలో సుప్రీంకోర్టు ఈ మందును నిలిపివేసినది. స్టాక్‌హోం ఒడంబడిక జాబితాలోనూ అదే సంవత్సరం చేరినది. హార్మోనులను భంగపరచేవిగా తెలిసినవి, అనుమానింపబడుతున్నవి కలిపి సుమారు 800 రసాయనాలు ఉన్నవని ప్రపంచ ఆరోగ్య సంస్థ, ఐక్యరాజ్యసమితి పర్యావరణ కార్యక్రమం 2013లో ప్రకటించాయి.

మన పాల సంగతి

1993లో వెలువడిన భారత వైద్య పరిశోధన మండలి నివేదిక మనకు కనువిప్పు. 12 రాష్ట్రాలలో తీసిన 2,205 పాల నమూనాలలో సుమారు 82 శాతంలో డి.డి.టి. కనిపించినది. కిలో పాలకు 0.05 మిల్లీగ్రాము, అనగా 20 టన్నుల పాలకు ఒక గ్రాము, అనుమతించిన హద్దు. 37 శాతం నమూనాలు ఆ హద్దు దాటినవి. నాటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో హద్దు దాటినవి 57 శాతం. మన రైతులెవరూ పాలలో డి.డి.టి. కలపలేదు. గడ్డి, చెక్క, తవుడు, మందు చల్లిన కొట్టాల ద్వారా అది వచ్చి చేరగలదు.

2018లో జరిగిన జాతీయ పాల సర్వేలో 6,432 నమూనాలు పరీక్షించగా పురుగు మందు హద్దు దాటినది ఒక్కటే. రెండు సర్వేలు ఒకే తీరున జరిగినవి కాకపోయినా, నిషేధాలు వృథా పోలేదని దీనివల్ల తెలియుచున్నది. కావున పాలు త్రాగుటకు భయపడవలసిన పని లేదు. జాగ్రత్త మాత్రం విడువరాదు.

సభ్యులు చేయవలసినవి

1. మందు చల్లిన చేలో గడ్డి, గట్ల మీది పచ్చిక, డబ్బాపై వ్రాసిన గడువు తీరేవరకు పశువులకు వేయరాదు.

2. పిడుదులు, గోమార్లకు పైరు మందులు పూయరాదు. పశువైద్యుడు చెప్పిన మందునే వాడి, పాలు సంఘానికి ఎన్నాళ్ళు పోయరాదో అడిగి తెలుసుకోవలెను.

3. దోమల మందు చల్లడానికి సిబ్బంది వచ్చినప్పుడు పశువులను బయట కట్టవలెను. మేతను, కుడితి తొట్టిని కప్పవలెను.

4. ఖాళీ మందు డబ్బాలలో దాణా, నీళ్ళు, పాలు పోయరాదు. వాటిని చెరువులో, కాలువలో కడగరాదు.

5. పాత నిషేధిత మందులు ఇంట్లో ఉంటే వాడరాదు, పారబోయరాదు. వ్యవసాయ శాఖవారికి తెలియజేయవలెను.

సంఘంలో ఒక్కరి పాలు చెడితే క్యాను అంతా చెడుతుంది. ఈ విషయమై పాలకవర్గం వారు రాబోయే సర్వసభ్య సమావేశంలో చర్చ జరిపించి, ఈ ఐదు సూచనలను పాల కేంద్రం గోడమీద వ్రాయించగలరని కోరుచున్నాను. మనం పోసే పాలు మొదట త్రాగేది పసిబిడ్డలన్న సంగతి మరువవద్దు.