రింగులో దొంగదెబ్బలు

బాక్సింగ్ అంటే ఇష్టం వచ్చినట్లు కొట్టుకోవడం కాదు. నడుము కింద, మెడ వెనుక కొట్టకూడదు. తలతో గుద్దకూడదు. మోచేయి వాడకూడదు. ఇవన్నీ ఫౌల్స్. తప్పు చేసినవాణ్ణి రిఫరీ హెచ్చరిస్తాడు, పాయింట్లు కోస్తాడు, తప్పు పెద్దదైతే అనర్హుడిగా ప్రకటిస్తాడు.

అసలు చిక్కు తలల దగ్గర వస్తుంది. ఇద్దరూ దగ్గరగా పెనుగులాడుతుంటే తలలు ఢీకొంటాయి. అది కావాలని చేసిందా, పొరపాటా? రిఫరీ ఒక్క క్షణంలో తేల్చాలి.

1996 నవంబరులో లాస్ వెగాస్‌లో మైక్ టైసన్‌ను ఇవాండర్ హోలీఫీల్డ్ ఓడించాడు. హోలీఫీల్డ్ తలతో గుద్దాడని టైసన్ వర్గం ఆరోపించింది. 1997 జూన్ 28న అక్కడే మళ్ళీ తలపడ్డారు. రెండో రౌండులో హోలీఫీల్డ్ తల తగిలి టైసన్ కుడి కంటిపై చిట్లింది. పొరపాటున తగిలిందన్నాడు రిఫరీ మిల్స్ లేన్. మూడో రౌండులో టైసన్ హోలీఫీల్డ్ కుడి చెవి కొరికి ముక్క ఊడదీశాడు. లేన్ 2 పాయింట్లు కోసి ఆట సాగనిచ్చాడు. టైసన్ రెండో చెవీ కొరికాడు. రౌండు ముగిశాక లేన్ అతణ్ణి అనర్హుడిగా ప్రకటించాడు. తర్వాత నెవాడా క్రీడా కమిషన్ టైసన్ లైసెన్సు రద్దుచేసి, 30 లక్షల డాలర్ల జరిమానా వేసింది. 1998 అక్టోబరులో గానీ లైసెన్సు తిరిగి రాలేదు.

తల దెబ్బకు శిక్ష వేయాల్సిందని కొందరు, మొదటి కాటుకే ఆట ఆపాల్సిందని మరికొందరు నేటికీ వాదిస్తారు. టైసన్ ఫిర్యాదులో న్యాయం ఉన్నా, కొరకడంతో అది మరుగున పడిపోయింది. మన కబడ్డీలోనైనా అంతే. అంపైర్ తప్పు చేస్తే కెప్టెన్ ద్వారా అడగాలి. చేయి చేసుకుంటే మన న్యాయాన్ని మనమే పోగొట్టుకుంటాం.