బిగిసిపోయిన బోల్టు

కొల్లేటి ప్రాంతపు చెరువులలో పెరిగిన చేపలు మంచుముక్కల నడుమ పెట్టెలలో సర్దబడి లారీలపై హౌరాకును, అస్సామునకును పోవుచుండును. దారి పొడవునను మంచు కరగును. ఆ నీరు లారీ అడుగుభాగమున నున్న ఇనుపసామగ్రిపైకి కారుచునే యుండును. అట్టి లారీకి కొన్నియేండ్లు గడచిన పిదప కమానుకట్టలో ఒక పట్టీ విరిగినదనుకొందము. దానిని మార్చుట పేరునకు చిన్నపనియే. కట్టను ఇరుసునకు అదిమిపట్టు యు-బోల్టుల నట్టులు రానిచో వానిని కోసివేయవచ్చును. ఏలయన ఒకసారి విప్పిన యు-బోల్టులను మరల వాడరాదు, క్రొత్తవి వేయవలెను. చిక్కు వచ్చునది వేరొకచోట. కట్ట కొనను మోయు పిన్ను ఒక బ్రాకెట్టులో నుండును. ఆ పిన్ను కదలకుండ ఒక చిన్న బోల్టు పట్టియుంచును. ఆ బోల్టు రాదు. పనివాడు పానా తగిలించి లాగును. కదలదు. పానాకు పొడుగుపాటి గొట్టము తొడిగి మరల లాగును. హఠాత్తుగా టక్కుమని చప్పుడగును. నట్టు వదలెనో, బోల్టు తెగెనో చూడకమునుపే వాని చేతికి తెలిసిపోవును. తెగినచో పూటలో ముగియవలసిన పని మరునాటికి పోవును. అంతవరకు లారీ కదలదు. డ్రైవరునకు బాడుగ లేదు.

నట్టును త్రిప్పి బిగించునపుడు బోల్టు వెండ్రుకవాసి సాగును. సాగిన ఉక్కు తన మొదటి పొడవునకు మరల రాజూచును. ఆ ఈడ్పే రెండు భాగములను విడిపోకుండ అదిమియుంచును. ఇందు ఆశ్చర్యము గొలుపు సంగతి యొకటి కలదు. పానాపై పెట్టిన శ్రమను 100 పాళ్లు చేసినచో సుమారు 50 పాళ్లు నట్టు అడుగుతలమున రాపిడికే పోవును. మరి 40 పాళ్లు మరచుట్ల నడుమ రాపిడికి ఖర్చగును. బోల్టును సాగదీయుటకు మిగులునది 10 పాళ్లు మాత్రమే. క్రొత్త బోల్టునందే రాపిడి పాలు ఇంతయైనపుడు, తుప్పు చేరిన బోల్టు మాట చెప్పనక్కరలేదు. గొట్టము తొడిగి పానా పొడవును నాలుగింతలు చేసినచో త్రిప్పు బలము నాలుగింతలగును. బోల్టు గట్టిదనము మాత్రము పెరుగదు. తుప్పు తినుటచే అది తగ్గియుండును గూడ. కావుననే నేర్పరియైన పనివాడు తన బలమును పెంచుకొనుటకు గాక, తుప్పుయొక్క పట్టును సడలించుటకు యత్నించును.

తుప్పు స్వభావమును తరగతిలోనే చూడవచ్చును. మూడు పరీక్షనాళికలలో మూడు మేకులు వేయవలెను. మొదటిదానిలో తేమను పీల్చు కాల్షియం క్లోరైడు వేసి బిరడా బిగింపవలెను. రెండవదానిలో బాగుగ మరగించిన నీరు పోసి, గాలి సోకకుండ పైన నూనెపొర నిలుపవలెను. మూడవదానిలో మామూలు నీరు కొంచెము పోసి మూత లేకుండ ఉంచవలెను. కొన్ని దినములకు మూడవ మేకు మాత్రమే తుప్పు పట్టును. గాలి యొక్కటియు చాలదు, నీరొక్కటియు చాలదు. రెండును కలిసినగాని తుప్పు పుట్టదు. నీటిలో ఉప్పు చేరినచో అది విద్యుత్తును సులభముగా ప్రసరింపజేయును గనుక తుప్పు మరింత వేగముగా సాగును. శీతలదేశములలో రోడ్డుపై గడ్డకట్టిన మంచు కరగుటకై ఉప్పు చల్లుదురు. అచ్చటి లారీల అడుగుభాగములు త్వరగా చెడుటకు కారణమిదియే.

తుప్పు, తాను పుట్టిన ఇనుముకంటె రెండు మొదలు ఆరు రెట్ల చోటు ఆక్రమించును. రేకుపై పుట్టిన తుప్పు పొక్కులై రాలిపోవును. మరచుట్ల సందున పుట్టిన తుప్పునకు అట్లు రాలిపోవుటకు త్రోవ లేదు. అది ఆ ఇరుకుసందును క్రిక్కిరిసి నింపి, లోపలనుండి వేయి చీలలు దిగగొట్టినట్లు నట్టును పట్టివేయును.

పనివాడు మొట్టమొదట చూడవలసినది బోల్టును గాదు, లారీ నిలిచిన తీరును. జాకీ యున్నది బరువు నెత్తుటకే గాని ఎత్తిన బరువును మోసియుంచుటకు గాదు. చదునైన గట్టినేలపై లారీని నిలిపి, చక్రములకు దిమ్మెలు అడ్డుపెట్టి, ఎత్తిన ఛాసిస్‌ను బలమైన స్టాండులపై దింపిన పిమ్మటనే క్రిందికి దూరవలెను. ఇటుకలు పగులును; వానిని నమ్మరాదు. బిగిసిన నట్టును ఈడ్చునపుడు లారీ ఊగును. జాకీ జారుట సాధారణముగా అప్పుడే. వెల్లకిల పరుండి పని చేయువాని కంటిలో తుప్పు రాలును గనుక కంటి అద్దములు తప్పనిసరి. అనేక లారీలలో వెనుక ఇరుసు చెంత గుండ్రని డబ్బావంటి బ్రేకు చాంబరు ఉండును. దానిలో అతిబలమైన స్ప్రింగు అదిమి పెట్టబడియుండును. ఆ డబ్బా మూతను పట్టియుంచు బోల్టులు ఎంత తుప్పు పట్టినను శిక్షణ పొందనివారు వానిని ముట్టరాదు. మూత ఊడినచో అది ఫిరంగిగుండువలె వచ్చి తాకును.

ఇక బోల్టు సంగతి. ముందుగా తీగబ్రష్షుతో బయటికి కనబడు మరచుట్లను శుభ్రపరుపవలెను. లేనిచో కదలిన నట్టు ఆ మురికిలో మరల చిక్కును. పిదప కిరోసిను కలిపిన పలుచని నూనెనో, ఇందుకై డబ్బాలలో అమ్ము నూనెనో నట్టు అంచులందు పోయవలెను. దీపపువత్తి నూనెను పైకి పీల్చుకొనునట్లే ఇరుకుసందులు నూనెను లోపలికి లాగుకొనును. ఇది క్షణములో జరుగు పని గాదు. రాత్రి పోసి, ఉదయము మరల పోసి, అప్పుడు పానా పట్టుట మేలు. నూనె పోసిన వెంటనే లాగువారు నూనె వృథా చేసినవారే.

ఎటు త్రిప్పవలెనన్నది గూడ ఆలోచింపదగినదే. నట్టునకు ఎదురుగా నుండి చూచినచో అపసవ్యముగా త్రిప్పగా వదులగును. క్రింద పరుండినవాడు పైప్రక్క నున్న నట్టును వెనుకనుండి చూచుచు త్రిప్పునపుడు ఈ దిశ తారుమారుగ తోచును; విప్పుచున్నాననుకొని బిగించును. కొన్ని పాత లారీలలో ఎడమప్రక్క చక్రపు నట్టులకు మరయే ఎదురుగా నుండును.

నోరు తెరచిన పానా నట్టును రెండు ముఖములయందే పట్టును, మూలలను అరుగదీయును. ఆరు ముఖములను పట్టు బాక్సుపానా మేలైనది. లాగుటకు ముందు నట్టునకు ఒక ప్రక్క బరువైన సమ్మెటను ఆనించి, ఎదుటిప్రక్క సుత్తితో కొట్టినచో ఆ అదురునకు పెళుసైన తుప్పు పగులును. తరువాత మొదట బిగించువైపునకు కొంచెము, పిదప విప్పువైపునకు కొంచెము త్రిప్పిచూడవలెను. ఆవగింజంత కదలిక వచ్చెనా పని సగమైనట్లే. అక్కడ తొందరపడి ఒక్క ఈడ్పున విప్పుట అవివేకము. ముందునకు, వెనుకకు త్రిప్పుచు, నడుమ నూనె పోయుచు రాబట్టవలెను.

దీనికిని లొంగని నట్టునకు వేడి మందు. పల్లెలలో బండిచక్రమునకు ఇనుపపట్టా తొడుగుటను చూచినవారికి ఇది సులభముగా బోధపడును. కాల్చిన పట్టా వ్యాకోచించి చక్రముపై వదులుగా కూర్చుండును, చల్లారి బిగియును. వేడికి రంధ్రము చిన్నదగునని కొందరు భ్రమపడుదురు. నిజమునకు రంధ్రము గూడ పెద్దదే యగును. 20 మిల్లీమీటర్ల రంధ్రము గల ఉక్కు నట్టు 300 సెంటీగ్రేడు డిగ్రీలు అధికముగా వేడెక్కినచో ఆ రంధ్రము సుమారు 0.07 మిల్లీమీటరు పెరుగును. ఇది పుస్తకపు కాగితముకంటెను పలుచన. అయినను తుప్పు పట్టు సడలుటకు అది చాలును. వేడి నట్టునకే తగులవలెను. బోల్టు గూడ సమానముగా వేడెక్కినచో ఫలము లేదు. వేడి తగ్గుచుండగా కొవ్వొత్తి ముక్కను తాకించినచో మైనము కరగి సందులలోనికి దిగును. గ్యాసుమంట నూనెట్యాంకు, బ్రేకుల రబ్బరుగొట్టములు, తీగలు వీనికి సోకరాదు. టైరు తొడిగిన చక్రమును వేడిచేయనే రాదు. టైరు ప్రేలి ప్రాణములు తీయును. కమానుపట్టీలకు మంట తగిలినచో వాని పదును చెడును.

ఇంత చేసినను బోల్టు తెగవచ్చును. తుంట కొంచెము బయటికుండినచో దానిపై మరియొక నట్టును నిలిపి వెల్డింగు చేయుదురు. ఇది రెండువిధముల ఉపకరించును: తుంటకు క్రొత్త తల ఏర్పడును, వెల్డింగు వేడికి తుప్పును సడలును. తుంట లోపలనే తెగినపుడు దాని సరియైన మధ్యభాగమున గుర్తుకొట్టి, సన్నని బర్మాతో మొదలిడి తొలువవలెను. మధ్యము తప్పినచో బ్రాకెట్టు మరయే చెడును. ఎదురుగా తిరుగు బర్మాతో తొలుచునపుడు ఒక్కొక్కసారి తుంట తనంతట తానే వెలికి వచ్చును. తొలిచిన రంధ్రములో దించి త్రిప్పు ఎదురుమర పనిముట్టు కూడ కలదు గాని అది మిక్కిలి పెళుసు. అది లోపల విరిగెనా, మామూలు బర్మా దానిపై పారదు. అందుచే పలువురు రంధ్రమును క్రమముగా పెంచి, మిగిలిన పలుచని మరచుట్టును తీగచుట్టవలె లాగివేసి, ట్యాపుతో లోపలి మరను సరిచేయుదురు.

క్రొత్త బోల్టు తలపై 8.8, 10.9 వంటి అంకెలుండును. 8.8 అనగా తెగుటకు ముందు చదరపు మిల్లీమీటరునకు సుమారు 80 కిలోల ఈడ్పును ఓర్చునదనియు, అందు 80 పాళ్ల వరకు తిరిగిరాని సాగుదల లేకుండ నిలుచుననియు అర్థము. పాతదాని అంకెకు తక్కువైనదానిని వేయరాదు. మరకు రాగిపొడి కలిసిన గ్రీజు పూసినచో మరుమారు సులభముగా వచ్చును. అయితే గ్రీజువలన రాపిడి తగ్గును గనుక అంతే బలముతో బిగించినను బోల్టు ఎక్కువ సాగును. పొడిమరకు చెప్పిన లెక్కను గ్రీజుమరకు తగ్గించుకొనవలెను. యు-బోల్టుల నట్టులను బరువుతో కొంతదూరము నడిచిన పిదప మరల బిగింపవలెను. అప్పటికి కమానుపట్టీలు ఒకదానిపై నొకటి సర్దుకొని, తొలి బిగింపు కొంత వదులై యుండును.